జోడెద్దుల కంప్యూటర్

చల్యా మంగళవారం పొద్దున సాటుర్నినో వేసుకున్న పథకం చిన్నది. పాత కంప్యూటర్‌లో ఉన్న కృతజ్ఞతలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. దానికి నాలుగు పూలు చల్లి వీడ్కోలు చెప్పాలి. బావ ఇలారియోన్ తెస్తున్న కొత్త కంప్యూటర్‌ను దాని చోట కూర్చోబెట్టాలి. మధ్యాహ్నానికి రేడియో మాట్లాడాలి. సాటుర్నినో ఎక్కువ మాట్లాడే మనిషి కాదు, ఎక్కువ పథకాలు వేసే మనిషీ కాదు.

సాటుర్నినో నడిపే కోల్పాని ఊరి రేడియో అంటే మట్టిగోడలు, రేకు కప్పు ఉన్న ఒక గది, దాని నెత్తిన ఒక ఇనప స్తంభం. ఊళ్ళో ఉన్నవాళ్ళకు దాని అవసరం పెద్దగా లేదు, కిటికీలోంచి కేకేస్తే సరిపోతుంది. మైదానం నిండా చెల్లాచెదురుగా ఉన్న పల్లెలకే అది కావాలి. కార్నివాల్ ముగిసే ఆ మంగళవారం ప్రతి ఇల్లూ తనకు ఏడాదంతా కూడు పెట్టిన వస్తువుకు దణ్ణం పెట్టుకుంటుంది. రంగుకాగితం రిబ్బన్లు చుట్టి, పూలరేకులు, రంగుకాగితం ముక్కలు జల్లి, మధ్యాహ్నం వేళకు బీరు పోస్తుంది. మోటారుసైకిలుకు, కుట్టుమిషనుకు, గొర్రెల దొడ్డికి, నేలతల్లికి. ఆ పోయడమే చల్యా. పోసే ముందు ఎవరి కృతజ్ఞత వాళ్ళ సొంత నోటితో రేడియోలో వినబడాలి. ఒకరి తరఫున ఇంకొకరు చెబితే చెల్లదు. అన్నీ వినిపించాక సాటుర్నినో మైకు దగ్గరికి వంగి "పొయ్యండి" అంటాడు. ఆ ఒక్క మాటకోసం మైదానమంతా సీసా పట్టుకుని నిలబడుతుంది.

అందుకని కొన్ని వారాలుగా వచ్చిన గొంతులన్నింటినీ అతడు రికార్డు చేసి దాచాడు. కొందరు నడిచొచ్చి చెప్పారు, కొందరు ఫోన్లో చెప్పారు. ఇలారియోన్ బావ కూడా లారీ నడుపుతూనే ఫోన్ చేసి తన ముక్క చెప్పాడు. ఆఖరివాళ్ళు ఆ పొద్దునే వచ్చారు. అందరినీ ఒకే వరసలో కలిపి, భార్య బసీలియా పూల కోసం బయటికి వెళ్ళినప్పుడు సాటుర్నినో తన ఇంటి కృతజ్ఞత కూడా మైకులో చెప్పి చివర చేర్చాడు.

"ఏం చెప్పావయ్యా మన ఇంటి తరఫున?" తిరిగొచ్చిన బసీలియా అడిగింది.

"చెప్పాను."

"దేనికి చెప్పావు? పొయ్యికా, గొర్రెలకా?"

"చెప్పాన్లే."

ఆమె ఇంకేం అడగలేదు. పెళ్ళయిన కొత్తలో అడిగేది.

ఆ కంప్యూటర్ ఒరూరో పట్నంలో ఒక ఇంటర్నెట్ కొట్టు మూసేసినప్పుడు వచ్చింది. అక్కడ ఎంత చాకిరీ చేసిందో దేవుడికే తెలియాలి. కీబోర్డు మీద అక్షరాలు అరిగిపోయి, బాణాల మీటలు గుంటలు పడి ఉన్నాయి. లోపల డ్యుయల్ కోర్ ప్రాసెసర్, రెండు గిగాల ర్యామ్. కొట్టువాడు డ్యుయల్ కోర్ అంటే సాటుర్నినోకు ఎక్కలేదు. "రెండు బుర్రలు, ఒక్కటే పెట్టె" అని విడమరిచి చెబితే అప్పుడు తల ఊపాడు. జోడెద్దులు. అది తెలిసిన సంగతే. ఒక ఎద్దు పాటను లాగుతుంది, రెండోది మైకులో పడ్డ మాటను ఎత్తుకుంటుంది. మూడో పని చెబితే రెండూ ఆగి వెనక్కి తిరిగి చూస్తాయి. సాటుర్నినో నాన్న ఎద్దులూ అంతే చేసేవి. వాటినెవరూ తిట్టలేదు.

పొద్దున బటన్ నొక్కితే తెర మీద బొమ్మ పడేలోపు బసీలియా సూపుకు సరిపడా బంగాళదుంపలు చెక్కేసేది. కానీ ఒకసారి లేచిందంటే పొద్దుగూకే దాకా పడుకునేది కాదు. వేగం రెండుంపావు గిగాహెర్ట్జ్ అని ముందు ఒక స్టిక్కరు ఉండేది. స్టిక్కరు ఎండకు వెలిసిపోయింది, వేగం మాత్రం ఉన్నంతా ఉంది. వడగళ్ళకు కప్పు చిల్లులు పడ్డప్పుడు దాని మీద తాను కప్పుకున్న ఉన్ని పోంచో తీసి కప్పి, తాను తడుస్తూ కూర్చున్నాడు సాటుర్నినో. ఆ రోజూ అది ఆగలేదు.

ఇలారియోన్ ఈ ఊరివాడే. ఎల్ ఆల్తో నగరంలో లారీలు నడుపుతాడు. సాటుర్నినో కూతురికి బాప్తిస్మంలో జ్ఞానతండ్రి, ఆ వరసన ఇద్దరూ బావా అంటే బావా అనుకుంటారు. పోయిన పండగలో కొంచెం తాగి లేచి నిలబడి, రేడియోకు కొత్త కంప్యూటర్ ఇస్తున్నానని, దానికీ జ్ఞానతండ్రి తానేనని ప్రకటించాడు. కోల్పానిలో ఏది కొనిస్తే దానికి జ్ఞానతండ్రి; కేకుకు ఉంటాడు, ఫుట్‌బాల్ చొక్కాలకు ఉంటాడు, బడిగంటకు ఉంటాడు. ఆయన ఇస్తానన్నదాన్ని వద్దంటే ఆ మనిషినే వద్దన్నట్టు. పాతదాన్ని తన లారీలోనే ఎత్తుకుపోయి పాత ఇనుములో వేస్తానని కూడా అన్నాడు. సాటుర్నినో ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం అతడి అలవాటని తెలిసినా, ఊరు దాన్ని ఒప్పుకోలు కిందే జమకట్టింది.

"మళ్ళీ చేత్తో తుడుస్తున్నావేందయ్యా దాన్ని? అదేమన్నా పెళ్ళికూతురా?" అంది బసీలియా.

"దుమ్ముంది."

"దీన్ని మా ఇంట్లో పెట్టుకుంటాం బావా అని ఒక్క మాట అడగరాదూ?"

"ఎట్లా అడగను. ఇస్తున్నాడు గదా."

"ఇచ్చేది కొత్తది. అడిగేది పాతది. ఇందులో కష్టమేముంది?"

కష్టం ఎక్కడుందో సాటుర్నినోకు తెలుసు, చెప్పడం తెలియదు. కృతజ్ఞతల వరసను పెన్‌డ్రైవ్‌కు ఎక్కించే మీట నొక్కి కూర్చున్నాడు. తెర మీద ఆకుపచ్చ గీత మెల్లగా కుడివైపు నడవడం మొదలుపెట్టింది.

బసీలియా పూలసంచి విప్పింది. ఏటా ఆ పెట్టెకు ఒక రిబ్బను, పైన గుప్పెడు కాగితం ముక్కలు, అంతే జరిగేది. ఈసారి ఆమె చెయ్యి ఆగలేదు. ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి, ఎరుపు, పసుపు, ఊదా రిబ్బన్లు తిప్పి తిప్పి చుట్టింది. పైనున్న జల్లెడ లాంటి చిల్లుల మీద పూలరేకులు కుప్ప పోసింది.

"చాలు," అన్నాడతడు.

"ఆఖరిసారి పోతోంది, బోడిగా పంపుతామా? నాలుగు వీధుల్లో మన పరువుండాలి."

"నాలుగు వీధులు లేవు ఇక్కడ."

"ఉన్న రెండింట్లో ఉండాలి."

ఆమె ఇంకో రెండు గుప్పిళ్ళు జల్లింది. వెనకవైపు వేలాడుతున్న ఊదారంగు రిబ్బను కొస గాలికి అటూ ఇటూ ఆడి, ఫ్యాను దగ్గర కాసేపు ఆలోచించి, లోపలికి వెళ్ళిపోయింది. అది ఇద్దరూ చూడలేదు.

సాటుర్నినో విన్నాడు. ఇన్నేళ్ళూ చెవి పక్కన ఉన్న ఫ్యాను హోరు లేదు. గదిలో ఈగ తిరుగుతున్న చప్పుడు మొదటిసారి వినబడింది. ఆకుపచ్చ గీత సగం దారిలో అడుగు వేయడం మానేసింది. అతడు పెట్టె మీద అరచెయ్యి ఆనించి చూశాడు. అప్పుడే కాల్చిన రొట్టెలా ఉంది. తెర ఒకసారి రెప్పలార్చి నల్లబడింది.

"ఏమైంది?" అంది బసీలియా.

"ఆగింది."

పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది సగం వరస. సగం ఎక్కిన వరస ఎక్కడా మోగదు. మైదానం మొత్తం కృతజ్ఞత ఆ వేడి పెట్టెలో ఉండిపోయింది.

అప్పుడే రేడియో కమిటీ పెద్ద డోన్యా రుపెర్తా లోపలికొచ్చింది. ఆమె వెనకాల సైకిళ్ళు బాగుచేసే సెనోన్, అతడి వెనకాల పనిలేని మరికొందరు వచ్చారు. ఆ రోజు ఎవరికీ పనుండదు. పూలు పెట్టిన పనిముట్టును ముట్టుకోకూడదు కూడా.

"అలిగింది," అంది రుపెర్తా, పెట్టెను చూడగానే. "పంపించేస్తారని వినింది. దాని ముందే మాట్లాడుకున్నారా మీరు?"

"దాని ముందు కాక ఇంకెక్కడ మాట్లాడతామక్కా? ఉన్నది ఒకటే గది," అంది బసీలియా.

"అలిగిందీ లేదు, ఏమీ లేదు," అన్నాడు సెనోన్. "ఇవాళ పనిముట్లకు సెలవు. పార పడుకుంది, నాగలి పడుకుంది, నా పానాలన్నీ పడుకున్నాయి. ఇదొక్కటి ఎందుకు పనిచెయ్యాలి? ఏటేటా చల్యా రోజే దీని నెత్తిన బండెడు పని పెడుతున్నారు. సెలవు పెట్టింది, అంతే."

"దాహమేమో," అన్నాడు తలుపు దగ్గర ఎవరో. వెంటనే ఒక సారా సీసా చేతులు మారుతూ ముందుకు వచ్చింది. సాటుర్నినో దాన్ని గాల్లోనే అందుకుని, రెండు చుక్కలు నేల మీద చల్లి, మూత బిగించి తన జేబులో పెట్టుకున్నాడు. తర్వాత సెనోన్ వైపు తిరిగాడు.

"స్క్రూడ్రైవర్ ఇస్తావా అన్నా. ఫ్యానులో ఏదో పడింది."

సెనోన్ ముఖం చిన్నబోయింది. "తమ్ముడూ, నువ్వడిగితే నేను లేదంటానా? కానీ పొద్దున్నే దానికి రిబ్బను కట్టేశాను. పూలు పెట్టి పడుకోబెట్టాను, ఇక బీరు పోయడమే మిగిలింది. ఇప్పుడు లేపి పని చెబితే ఏడాదంతా నా చేతిలోంచి జారుతూనే ఉంటుంది. పోయినేడాది నీ గొడ్డలిని నువ్వు లేపావా?"

"లేపలేదు," అని ఒప్పుకున్నాడు సాటుర్నినో. అది నిజం. పొయ్యిలోకి కట్టెలు చేత్తో విరిచాడు.

ఊళ్ళో ఉన్న ప్రతి స్క్రూడ్రైవరూ ఆ రోజు పండగ చేసుకుంటోంది.

పల్లెల నుంచి ఫోన్లు మొదలయ్యాయి. పాటలు రావడం లేదేంటని ఒకరు, మా కృతజ్ఞత వరసలో ఎక్కడుందని ఒకరు. ఏదో ఒకటి చెప్పమని రుపెర్తా సాటుర్నినోను మైకు ముందుకు తోసింది. అతడు మైకును కాసేపు చూశాడు.

"కోల్పాని రేడియో," అన్నాడు. కొంత ఆలోచించాడు. "ఇంకా టైముంది."

ఆపైన అతడికేమీ తోచలేదు. శ్రోతలకు ఈగ చప్పుడు వినబడింది.

"పోనీ నేనే చెప్పేస్తాను అందరి తరఫునా," అంది రుపెర్తా. "ఎవరికి దేని మీద ప్రేమో నాకు తెలియదా."

"నా కుట్టుమిషనుకు నీ నోటితో ఎట్లా చెబుతావక్కా?" అని తలుపు దగ్గర ఒక ముసలామె అడ్డుపడింది. "అది నా గొంతు గుర్తుపడుతుంది."

అంతలో వీధిలో లారీ హారను మోగింది. ఇలారియోన్ రాక ఊరికి అలాగే తెలుస్తుంది. రేడియేటరు మీద పూలదండలు, అద్దాలకు రిబ్బన్లు, బంపరు మీద బయల్దేరే ముందు ఎల్ ఆల్తోలో పోసి ఎండిన బీరు నురగ. కొత్త కంప్యూటర్‌ను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని లోపలికి వచ్చాడు. దాని ఒక పక్కంతా గాజు. లోపలి అవయవాలన్నీ కనబడుతున్నాయి.

"ఎనిమిది కోర్లు బావా," అన్నాడు గుమ్మం దాటకముందే. "ఎనిమిది. నాలుగు గిగాహెర్ట్జ్ పైన. ర్యామ్ పదహారు. నీ ముసలిది కళ్ళు నులుముకునేలోపు ఇది ఊరంతా తిరిగొస్తుంది."

"ఎనిమిదెద్దులా," అన్నాడు సాటుర్నినో.

"ఎనిమిదెద్దులే అనుకో."

"చేను అదేగా బావా."

అది వాదన కాదు, ఆశ్చర్యం. కానీ ఇలారియోన్ దాన్ని వినలేదు. అతడి చూపు బల్ల మీద పడింది. పాత కంప్యూటర్ తెర తప్ప ఇంకేం కనబడనంతగా పూలలో మునిగి ఉంది. చుట్టూ జనం టోపీలు తీసి, మౌనంగా నిలబడి ఉన్నారు. ఫ్యాను గురించి ఆలోచిస్తూ ఉక్కపోతకు తీశారు వాళ్ళు టోపీలు. అతడికి అలా కనబడలేదు.

"ఇదా సంగతి," అన్నాడు మెల్లగా. "పోయేదానికి పూలన్నీ. వచ్చేదానికి ఒక్క రేకన్నా మిగిల్చారా చెల్లెమ్మా?"

బసీలియా సంచి తిరగేసి చూపించింది. ఒక కాడ రాలింది.

"నేను ఎల్ ఆల్తో నుంచి రాత్రంతా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. గుంట వచ్చినప్పుడల్లా నా కడుపు అడ్డం పెట్టాను."

"అయ్యో బావగారూ, అట్లా కాదు," అంటూ రుపెర్తా రంగంలోకి దిగింది. జ్ఞానతండ్రి నొచ్చుకుంటే అది ఊరి మాట అవుతుంది. ఆమె కళ్ళతోనే అందరికీ పని చెప్పింది. పాతదాని మీది రిబ్బన్లు ఒక్కొక్కటే విప్పి కొత్తదానికి చుట్టారు. పూలరేకులు చేతులతో ఎత్తి దీని మీద పోశారు. వెనక ఊదా రిబ్బను మాత్రం ఎంత లాగినా రాలేదు, తెగి చేతికొచ్చింది. సాటుర్నినో ఆ తెగిన కొసను తీసుకుని చూశాడు. ఎక్కడ తెగిందో, మిగతాది ఎక్కడుందో అతడికి అర్థమైంది. చెప్పే సందు దొరకలేదు.

ఇలారియోన్ కొత్తదానికి కరెంటు ఇచ్చాడు. లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ దీపాలు చక్రాల్లా తిరిగాయి. అందరూ ఒకేసారి గాలి పీల్చారు. తెర మీద బొమ్మ నిజంగానే కన్ను మూసి తెరిచేలోపు పడింది. అతడి ముఖం విప్పారింది, బీరు సీసా బయటికి తీశాడు.

"ముందు పని చెయ్యనివ్వండి బావగారూ," అంది రుపెర్తా. "తర్వాత తాగించవచ్చు."

"దాహంతో ఉన్నదాన్ని కాడికి కడతామా డోన్యా? లారీ కొన్నా ఇదే పద్ధతి నాది. మొదట తడపాలి, తర్వాత బరువెత్తాలి."

"నేల మీద రెండు చుక్కలు," అన్నాడు సాటుర్నినో.

"నేలకు నేల వాటా ఉంటుంది బావా. బండికి బండి వాటా."

ఇలారియోన్ ఇప్పటిదాకా ఎన్నో లారీలకు చల్యా చేశాడు. అన్నీ బాగానే నడిచాయి. లారీకి ఎలా చేస్తారో అతడికి తెలుసు. బానెట్ ఎత్తాలి, ఇంజను తిరుగుతూ ఉండాలి, సీసాను బొటనవేలితో మూసి బాగా కుదిపి నురగను నేరుగా ఇంజను మీదికే కొట్టాలి. అతడు గాజు తలుపు పక్కకు తీశాడు. దానికి స్క్రూడ్రైవర్ అవసరం లేదు, అదీ కొత్తదనమే. సాటుర్నినో ఒక చెయ్యి చాచాడు. ఆ చెయ్యి అక్కడికి చేరేసరికి నురగ చేరిపోయింది.

దీపాలన్నీ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. అంత అందంగా అవి ముందెప్పుడూ వెలగలేదని తర్వాత చూసినవాళ్ళు చెప్పుకున్నారు. టప్‌మని చప్పుడైంది. దీపాలు పోయాయి, గదిలో బల్బు పోయింది, ట్రాన్స్‌మిటర్ ఎర్రకన్ను పోయింది. కాలిన వాసన, బీరు వాసన కలిసి పైకి లేచాయి.

జనం చేతులతో పొగను విసురుకున్నారు.

"తాగేసింది," అన్నాడు తలుపు దగ్గరి మనిషి.

ఇలారియోన్ సీసాను వెనక్కి దాచుకున్నాడు, చిన్నపిల్లవాడిలా. "లారీకి ఏమీ కాదే," అన్నాడు. "లారీకి ఎప్పుడూ ఏమీ కాలేదు."

సూర్యుడు నడినెత్తికి వస్తున్నాడు. ఇప్పుడు రేడియోలో ఈగ కూడా లేదు. రుపెర్తా చేతిలోని ఫోన్ మోగి మోగి ఆగి మళ్ళీ మోగింది. "ఆ పల్లెల్లో సీసాలు పట్టుకుని నిలబడి ఉంటారు," అంది ఆమె, ఎవరితోనూ కాదన్నట్టుగా. "నువ్వు చెప్పందే పోయరు. ఈ ఏడు నేలతల్లికి దాహమే."

సాటుర్నినో తెగిన రిబ్బను కొసను బసీలియా ముందు పెట్టాడు. "మిగతాది లోపలుంది," అన్నాడు. "నాలుగు స్క్రూలు."

బసీలియా రిబ్బను చూసింది, పెట్టెను చూసింది, తన చేతులను చూసుకుంది. తర్వాత రొమ్ము మీద శాలువాను పట్టి ఉంచే పొడవాటి వెండి పిన్నును లాగింది. దాని తల చిన్న గరిటెలా పలచగా ఉంటుంది.

"ఆగమ్మా," అన్నాడు సెనోన్. "దాంతో స్క్రూ తిప్పితే అదీ పనిముట్టే గదా?"

"పనిముట్టా?" అంది బసీలియా. "ఇది మా అమ్మ పెట్టిన నగ. నగకు సెలవుందా? ఉంటే చెప్పు, నీ పెళ్ళాం చెవులకున్నవి తీయించి పడుకోబెట్టు."

సెనోన్ భార్య అక్కడే ఉంది. సెనోన్ ఒకడుగు వెనక్కి వేశాడు.

ఆమె గరిటె కొసను స్క్రూ గాడిలో ఆనించి తిప్పింది. మొదటిది మొండికేసింది, తర్వాత వదిలింది. తక్కినవి దాన్ని చూసి వదిలాయి. సాటుర్నినో పక్క రేకు తీశాడు. అందరూ వంగి చూశారు.

ప్రాసెసర్ వేడి తీసే లోహపు రేకుల దిమ్మె కనబడలేదు. దాని చోట ఒక పక్షిగూడు ఉంది. పైన ఊదా రిబ్బను ఫ్యాను మెడకు ఉరిలా బిగిసి ఉంది. దాని కింద ఆ పొద్దుటి కాగితం ముక్కలు, ఎరుపు. వాటి కింద మెత్తగా అణిగిపోయి పసుపువి. ఇంకా కింద ఆకుపచ్చవి, ఆ కింద రంగు వెలిసి ఏ రంగో తెలియనివి. ఒక్కో పొర ఒక్కో చల్యా.

"ఈ ఆకుపచ్చవి మన పిల్ల బడిలో చేరిన ఏడాదివి," అంది బసీలియా. "ఆ ఏడు సంతలో ఆకుపచ్చవే దొరికినాయి."

"ఇన్నేళ్ళూ మన మొక్కులన్నీ నెత్తిన పెట్టుకునే పని చేసిందా ఇది," అంది రుపెర్తా.

బసీలియా పిన్ను మొనతో పొరలను విడదీసి తీస్తుంటే సాటుర్నినో వాటిని టోపీలో పట్టాడు. ఊదా రిబ్బనును మెల్లగా వెనక్కి తిప్పి విప్పాడు, మేకపిల్ల కాలికి చిక్కిన తాడు విప్పినట్టు. వేలితో ఫ్యానును తాకితే అది తేలిగ్గా తిరిగింది. ముందు కొత్తదాని వైరు ఊడబీకి, గోడ మీది మెయిన్ స్విచ్ పైకెత్తాడు. బల్బు వెలిగింది, ట్రాన్స్‌మిటర్ కన్ను ఎర్రబడింది. పాత కంప్యూటర్ బటన్ నొక్కాడు.

ఇక దానిది దాని పద్ధతి. ముందు ఒక గురక, తర్వాత నల్లటి తెర మీద తెల్లటి గీత, ఆ తర్వాత చాలాసేపు ఏమీ లేదు. బసీలియా అలవాటుగా చుట్టూ చూసింది, చెక్కడానికి బంగాళదుంపలు లేవు. సూర్యుడు నడినెత్తి దాటాడు. మైదానంలో ఎవరూ బీరు పోయలేదు. రేడియో చెప్పేదాకా మధ్యాహ్నం కాదు కనక, ఆ రోజు ఆ మైదానంలో మధ్యాహ్నం ఆలస్యంగా అయింది.

"రెండెద్దులే గదా," అన్నాడు సాటుర్నినో, ఎవరూ అడక్కుండానే. ఆ రోజుకు అది అతడి సుదీర్ఘ ప్రసంగం. "లేవనీండి."

అవి లేచాయి. తెర మీద బొమ్మ పడింది. సాటుర్నినో కృతజ్ఞతల వరసను తెరిచి మోగించాడు.

మర్యాద ప్రకారం మొదట జ్ఞానతండ్రి గొంతు వచ్చింది. వెనక లారీ ఇంజను చప్పుడు, ముందు ఇలారియోన్ ధీమా. "కోల్పాని ప్రజలారా, ఇప్పుడు నా గొంతు మీరు వింటున్నది నేనిచ్చిన కొత్త కంప్యూటర్‌లోంచి. ఎనిమిది కోర్లు. తేడా మీకే తెలుస్తుంది. చెవులు బాగా తెరిచి వినండి."

గదిలో అందరూ నేల వైపు చూశారు. రుపెర్తాకు దగ్గు వచ్చింది. ఇలారియోన్ తన గొంతును తానే ఆపలేక, గోడకు జారబడి, టోపీ ముఖం మీదికి లాక్కున్నాడు.

ఆ తర్వాత ఒక్కొక్కరే వచ్చారు. ముసలామె తన కుట్టుమిషనుకు, దాని తొక్కుడు పలకకు విడిగా ఒకసారి. ఒకతను తన ఎర్ర మోటారుసైకిలుకు, దాన్ని అమ్మేద్దామనుకున్నందుకు క్షమాపణతో సహా. ఎవరో బావికి, ఎవరో చేటకు, ఎవరో ఈ ఏడు చావని గాడిదకు. వాళ్ళ గొంతులు విని గదిలో ఉన్నవాళ్ళు నవ్వారు, కొందరు ముక్కు చీదారు. చిట్టచివర కాసేపు ఏమీ రాలేదు. ఫ్యాను హోరు మాత్రం వినబడింది, ఆ పొద్దున రికార్డయిన హోరు. తర్వాత సాటుర్నినో గొంతు.

"సాటుర్నినో, బసీలియా ఇల్లు," అంది గొంతు. ఆగింది. "ఈ కంప్యూటర్‌కి. నేను చెప్పలేనివన్నీ ఇదే చెప్పింది. ఇవాళ పోతోంది. మెల్లగా తీసుకెళ్ళు బావా. గుంటలు చూసుకో."

బసీలియా మొగుడి వైపు తిరిగింది. అతడు మైకు వైపు తిరిగి ఉన్నాడు. మైకు దగ్గరికి వంగి, "పొయ్యండి," అన్నాడు.

మైదానమంతా సీసాలు వంగాయి. ఎక్కడెక్కడి నుంచో టపాసుల చప్పుడు గాలిలో తేలి వచ్చింది.

ఇలారియోన్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "ఈ మాట ముందే అనొచ్చుగా బావా," అన్నాడు.

"అన్నాను గదా."

"ఎప్పుడు?"

"ఇప్పుడు."

"మెల్లగా తీసుకెళ్ళమంటావు. ఇదేమన్నా తీసుకెళ్ళమన్నట్టుందా?" ఇలారియోన్ కొత్తదాని వైపు చూశాడు. గాజు లోపల బీరు కాలువ కట్టి, ఒక పూలరేకు దాని మీద తేలుతోంది. "దీన్నే పట్టుకుపోతాను. సర్వీసింగుకు. కానీ నా గొంతు వెళ్ళిపోయింది గదా ఊరంతా. ఇప్పుడు నా ముఖం ఎక్కడ పెట్టుకోను?"

రుపెర్తా ఫోన్ మళ్ళీ మోగింది. ఆమె అందరికీ వినబడేలా పెట్టింది. దూరపు పల్లె నుంచి ఒక మగగొంతు, అప్పటికే రెండు సీసాలు దాటిన గొంతు.

"అక్కా, బావగారికి చెప్పు. ఏం కంప్యూటర్, ఏం స్పష్టం. సాటుర్నినో పొయ్యండి అంటే నా పక్కన నిలబడి అన్నట్టుంది. ఎప్పుడూ ఆ మాట వెనకాల హోరుమని ఒక గాలి ఉండేది గదా, అది లేనే లేదు. కొత్తది కొత్తదే. ఎనిమిదెద్దులు ఎనిమిదెద్దులే."

ఆ గాలి గురించి సాటుర్నినోకు తెలుసు. ఇన్నేళ్ళూ అది కాగితం ముక్కల కింద ఆయాసపడిన ఫ్యాను. ఇప్పుడది మంచులా నిశ్శబ్దంగా తిరుగుతోంది.

రుపెర్తా ఇలారియోన్ వైపు చూసింది. ఇలారియోన్ సాటుర్నినో వైపు చూశాడు. సాటుర్నినో ఫోన్ దగ్గరికి వంగాడు.

"ఊఁ," అన్నాడు.

ఆ తర్వాత అదే మాట చెప్పడానికి ఇంకా చాలామంది ఫోన్ చేశారు. ఇలారియోన్ మెల్లమెల్లగా నిటారు అయ్యాడు, సాయంత్రానికి గొర్రెకూర రెండోసారి వడ్డించుకునేటప్పటికి ఆ స్పష్టత వెనకాల తన ఎంపిక ఎలాంటిదో వివరిస్తున్నాడు. పోతూ పోతూ పాత పెట్టెకు తన లారీ మీది పూలదండ ఒకటి తీసి వేయబోయాడు. బసీలియా దాన్ని సున్నితంగా అందుకుని గోడమేకుకు తగిలించింది. కొత్తది లారీలో అతడి ఒళ్ళో కూర్చుని వెళ్ళింది. అది ఇంకా సర్వీసింగులోనే ఉంది.

మరుసటి ఏడు చల్యా మంగళవారం కోల్పాని రేడియోలో సాటుర్నినో, బసీలియా ఇంటివాళ్ళు ఒక బీరు సీసాకు కృతజ్ఞత చెప్పుకున్నారు. అతడు తాగుడు మొదలుపెట్టాడని దూరపు పల్లెలు చాలా రోజులు బాధపడ్డాయి.